గాజుతొట్టిలో నుంచు రాళ్లు : వానిని పరీక్షించి శుద్ధిచేయు విధము

మన సభ్యుల యిండ్ల వసారాలలో గాజుతొట్టి యొకటి, అందు నాలుగు రంగుచేపలు కానవచ్చుట యిపుడు వింతగాదు. ఎకరములకొలది చెఱువులలో చేపలను, రొయ్యలను పెంచువారి పిల్లలుకూడ చెఱువుగట్టునకు పోక యీ తొట్టికడనే కూర్చుందురు. తొట్టి తెచ్చిన మఱునాడే వారికి పుట్టు కోరిక యేమన, అందు రాళ్లు పేర్చి చిన్న కొండయో గుహయో కట్టవలెనని. ఏ రాయియైన నొకటియే గదా, కడిగి వేసిన చాలునని పెద్దలు తలంతురు. నేనును అట్లే తలంచితిని.

రెండేండ్ల క్రిందట మా మనుమరాలి తొట్టికొఱకు పెరటి కొబ్బరిచెట్ల పాదులకడ పడియున్న నల్లరాళ్లను నాలుగింటిని ఏఱి, కుళాయిక్రింద కడిగి, నా చేతులతోనే పేర్చితిని. మఱునాటి యుదయమునకు తొట్టిలోని నత్తలు గాజునుండి జాఱి అడుగున పడియుండెను. సాయంకాలమునకు పరిగెలు నీటిపైకి వచ్చి నోళ్లు తెఱచుచుండెను. మూడవనాటికి అందు కదలునది యేదియు లేదు. పిల్ల రెండుపూటలు అన్నము ముట్టలేదు. మేము చేపలమ్మినవానిని నిందించితిమి. పదిదినములకు దింపు తీయుటకు వచ్చిన యతడు పాదువంక చూచి, “ఆ రాళ్లమీదేగదండీ బాబూ, వానల్లో మనం తుత్తం డ్రమ్ము పెట్టింది” అని జ్ఞాపకముచేసెను. అపుడు గాని తప్పు ఎవరిదో నాకు తెలియలేదు. చేపలమ్మినవాని కడకు పోయి క్షమాపణ చెప్పుకొంటిని. ఆ తరువాత తెలిసికొన్న సంగతులను సభ్యుల యుపయోగార్థ మిట వ్రాయుచున్నాను.

మొదట చెఱువునకును తొట్టికినిగల భేదమును గ్రహింపవలెను. ఒక ఎకరపు చెఱువులో నాలుగడుగుల నీరున్నచో అది సుమారు 49 లక్షల లీటర్లగును. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తుగల గాజుతొట్టిలో పట్టునది దాదాపు 54 లీటర్లు మాత్రమే. అనగా చెఱువు తొట్టికంటె తొంబదివేల రెట్లు పెద్దది. తొట్టిలో ఒక గ్రాము మైలుతుత్తము కరగుట చెఱువులో తొంబది కిలోలు గ్రుమ్మరించుటతో సమానము. ఏ రైతును చెఱువులో అట్టిపని చేయడు. తొట్టిలో మాత్రము తెలియక చేయుచున్నాము. చెఱువులో చేప చెడ్డనీటినుండి మంచినీటికి తొలగిపోగలదు. తొట్టిలో దానికి పోవు చోటు లేదు.

మన కోనసీమ నేల యంతయు గోదావరి తెచ్చిన ఒండ్రు. పునాది త్రవ్వినను, నూయి త్రవ్వినను మట్టియు ఇసుకయు తగులునుగాని రాయి తగులదు. కావున మన యూళ్లలో కానవచ్చు ప్రతి రాయియు ఎక్కడినుండియో యేదో పనికై వచ్చినదే. రోడ్డుకు వచ్చిన కంకరకు తారు అంటియుండును. రైలుకట్ట రాతికి నూనె పట్టియుండును. ఇంటి కట్టుబడిలో మిగిలిన దానికి సిమెంటు అంటియుండును. తోటలో పడియున్న దానిపై ఏ మందు పడెనో తోటవానికే తెలియును. కొండప్రాంతములవారు వాగులో రాయినెత్తి వేసికొన్నట్లు మనము వేసికొనరాదు. మన రాయి యెక్కడనుండి వచ్చినది, మన యూరిలో ఏమిచేసినది అను రెండు ప్రశ్నలకు జవాబు దొరకనిచో దానిని విడిచిపెట్టుటయే మంచిది.

ఒక మాట యిచట చెప్పక తీరదు. వేసవిలో కాలువలు కట్టివేసిన దినములలో గట్లకు పేర్చిన రాళ్లు బయటపడును. పిల్లలు నున్ననివానిని ఏఱి తెత్తురు. ఏటిగట్లకు, కాలువగట్లకు పేర్చిన రాతిని ఒక్కటైనను కదలింపరాదు. 1986 ఆగష్టు వరదను చూచినవారికి గట్టువిలువ వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇక రాళ్ల జాతులు. రాజమహేంద్రవరము, కొవ్వూరుల దాపున గోదావరికి ఇరుప్రక్కల నున్న నల్లరాయి అగ్నిపర్వతమునుండి వెలువడిన ద్రవము గడ్డకట్టి యేర్పడినది. దాని వయస్సు సుమారు ఆఱున్నర కోట్ల సంవత్సరములు. మనకు వచ్చు కంకరలో చాలభాగమీ జాతిదే. గట్టిది, నీటిలో కరగనిది, తొట్టికి మిక్కిలి తగినది. కాని యొక చిక్కున్నది. కాతేరు, పంగిడి ప్రాంతములలో ఈ నల్లరాతి పొరల నడుమ సున్నపురాతి పొర యొకటి గలదు. అందు పూర్వకాలపు నత్తగుల్లలు రాయిగా మాఱి నిలిచియున్నవి. కావున ఆ ప్రాంతమునుండి వచ్చినదను మాటవలననే ప్రతి ముక్కయు కరగని రాయియని నమ్మరాదు. గ్రానైటు, తెల్లని పలుగురాయి మంచివే. చలువరాయి సున్నపుజాతిది. ఇంటిలో పఱచు బేతంచెర్ల నాపరాయియు, కడప రాయియు సున్నపుజాతివే. వాని ముక్కలు పలకలవలె నుండుటచే గుహ కట్టుట కనుకూలమని పిల్లలు ముందు వానినే పట్టుకొందురు. సిమెంటు పెళ్లలు, సముద్రపు గుల్లలు, పగడపు ముక్కలు కూడ నీటిలోనికి సున్నమును విడుచునవే.

సున్నము విషమా యని యడుగవచ్చును. చెఱువునకు మనమే సున్నము చల్లుదుము గదా! విషము కాదు. గప్పీచేపల వంటివి సున్నపునీటిలో బాగుగనే యుండును. ఆఫ్రికాలోని కొన్ని పెద్ద సరస్సుల చేపలకైతే అట్టి నీరే కావలెను. చిక్కు సున్నమునందుకంటె అమోనియాయందున్నది. చేపల మలమునుండియు మిగిలిన మేతనుండియు అమోనియా పుట్టునని చెఱువుల రైతులకు తెలియును. నీటి పి.హెచ్. 7 ఉన్నపుడు మన యెండలకు తగిన వెచ్చనినీటిలో ఆ అమోనియాలో నూటికి ఒకపాలైనను చేపకు హానికరమైన రూపమున నుండదు. సున్నపురాయి కరగి పి.హెచ్. 8 అయినచో అదే నీటిలో ఆఱేడు పాళ్లు ఆ రూపమునకు మాఱును. మేత హెచ్చలేదు, చేపలు హెచ్చలేదు, విషము మాత్రము దాదాపు పదిరెట్లు హెచ్చినది. క్రొత్తగా నింపిన తొట్టిలో “ఏమియు చేయకుండగనే” చేపలు చచ్చుటకు తఱచుగ నిదియు ఒక కారణము.

దీనిని కనిపెట్టు పరీక్ష సులభము. రాతిని ఆరబెట్టి మేకుతో గీచి, ఆ గీతలో రాలిన పొడిమీద వంటింటి వెనిగరునుగాని నిమ్మరసమునుగాని రెండు మూడు చుక్కలు వేయుడు. సున్నపురాయియైనచో బొగ్గుపులుసు వాయువు వెలువడి సన్నని బుడగలు లేచును. చెవి దగ్గఱ పెట్టిన చిటచిట వినవచ్చును. కొన్ని జాతుల రాళ్లు ఈ పులుపునకు లొంగక, బుడగలు రాకుండగనే మెల్లమెల్లగ కరగుచుండును. కొందఱు మరుగుదొడ్డి కడుగు యాసిడ్డును వాడుదురు. అది బుడగలను త్వరగా చూపునుగాని చేతులను కాల్చును. పిల్లలున్న యింట దానిని తీయవద్దు.

దానికంటె నమ్మకమైన పరీక్ష రెండు బక్కెట్ల పరీక్ష. రెండింటిలోను ఒకే కాలువనీరు పోసి, ఒకదానిలో రాళ్లు వేసి, రెండవదానిని ఊరక యుంచి, రెంటిని మూతవేసి వారము దినములు నీడను పెట్టుడు. తరువాత చెఱువుల పరీక్షకు వాడు ద్రవములతో రెంటి పి.హెచ్., కాఠిన్యము చూడుడు. రాళ్లున్న నీటిలో అంకె పైకి పోయినచో ఆ రాయి సున్నము విడుచుచున్నది. ఒక్క బక్కెటే పెట్టి చూచిన పరీక్ష పరీక్షకాదు. మాఱినది రాతివలననో, నీరు నిలువయుండుటవలననో తెలియదు. పొరుగువారిలో చెఱువు రైతు ఎవరైన నుండకపోరు; ఆ ద్రవములకు వేఱుగ డబ్బు పెట్టనక్కఱలేదు.

ఇక తోటరాళ్ల విషయము. నా తొట్టిని నాశనముచేసిన మైలుతుత్తమును గూర్చి కొంచెము వివరముగ చెప్పెదను. కొబ్బరి మొవ్వుకుళ్లు మన డెల్టాకు పాతశత్రువు. బట్లరుగారు తాటి, కొబ్బరులను చంపు ఆ బూజుకు 1907లో శాస్త్రనామ మిడిరి. ఫ్రాన్సు దేశపు ద్రాక్షతోటలనుండి 1885 ప్రాంతమున లోకమునకు తెలిసిన బోర్డో మిశ్రమమే నేటికిని దాని మందు. నూఱు లీటర్ల నీటికి ఒక కిలో మైలుతుత్తము, ఒక కిలో సున్నము. ఈ మందు గొప్పతనమంతయు ఆకును పట్టుకొని వానకు కూడ కొట్టుకొనిపోకుండుటలో నున్నది. ఆ గుణమే మన కిచట శత్రువు. వానకు పోనిది కుళాయిక్రింద రెండు నిమిషములు కడిగిన పోవునా? రాతి గుంటలలో నిలిచి, తొట్టినీటిలో దినదినము కొంచెముగ కరగును.

ఒక చెంచాడు మిశ్రమములో నుండునది తుత్తము పదవవంతు గ్రాము మాత్రమే. మన 54 లీటర్ల తొట్టిలో అంతయు కరగినచో నత్తలు, రొయ్యలు మొదట చచ్చును; చిన్నచేపలకును ప్రాణాపాయమే. రాగి విషము మెత్తని నీటిలో మఱింత తీవ్రము. మన కాలువనీరు బోరునీటికంటె మెత్తనిది. నత్తలు ముందు పడిపోవుట చూచియైనను నేను గ్రహింపవలసియుండెను. పురుగుమందుల సంగతియు నింతే. ఎండోసల్ఫానును సుప్రీముకోర్టు 2011లో నిలిపివేసెను. అది చేపలకు మహావిషము. వరిచేని గట్టుననో, మందులుంచు కొట్టముననో ఏండ్లతరబడి పడియున్న రాయి ఏయే మందులను త్రాగెనో కడిగి తెలిసికొనలేము. అట్టి రాతికి శుద్ధి లేదు. పాఱవేయవలసినదే.

పచ్చగ, నీలముగ మరకలున్న రాతిని, లోహమువలె మెఱయు చారలున్న రాతిని కూడ తీసికొనవద్దు. పల్నాటి అగ్నిగుండాలవంటి చోట్ల రాతిలోనే రాగి, సీసములుండును. అందముగ నున్న పచ్చమరక రాగి చిలుమే కావచ్చును. బజారులో నమ్ము రంగులద్దిన గులకరాళ్లను గోరువెచ్చని నీటిలో మూడుదినము లుంచి, నీరు రంగు మాఱినను, రంగు గోటికి లేచినను తిరిగి యిచ్చివేయుడు.

పరీక్షలో నిలిచిన రాతిని కడుగుట సులభమే. పాత కొబ్బరిపీచు, కల్లుప్పు, ధారాళముగ నీరు, ఇంతకంటె మంచి సాధనములు లేవు. సబ్బు వలదు, పాత్రలుతోము పొడి వలదు. కొందఱు, సబ్బు చెడ్డదియైన కుంకుడురసము మంచిదేగదా యని దానితో తోముదురు. అది మఱియు ప్రమాదము. కుంకుడులో నురుగునిచ్చు పదార్థమేదో, రొయ్యలచెఱువులో పనికిరాని చేపలను చంపుటకు వేయు టీగింజల పిండిలోను అట్టి పదార్థమే కలదు, ఇప్పపిండియు నట్టిదే. మన తలకు చలువచేయునది చేప మొప్పలకు మృత్యువు.

పీచుతో తోమిన తరువాత కాలువనుండి వచ్చిన నాచు, నత్తగ్రుడ్లు, పురుగులు చచ్చుటకు వేడినీరు వాడవచ్చును. రాతిని బక్కెటులో పెట్టి, మొదట గోరువెచ్చని నీరు పోసి, అది తీసివేసి, పిదప మరగినీరు పోసి, చల్లారువఱకు దూరముగ నుంచుడు. రాతిని పొయ్యిమీద గిన్నెలో వేసి కాచుట, నిప్పులలో వేయుట, ఓవెనులో పెట్టుట, మైక్రోవేవులో పెట్టుట యెంతమాత్రము కూడదు. కార్తికమాసపు వనభోజనములలో ఏటియొడ్డు రాళ్లతో పొయ్యి పెట్టినవారికి ఒకప్పుడు రాయి టప్పున పగిలి ముక్కలెగిరిన యనుభవ ముండును. రాతి సందులలో నిలిచిన నీరు ఆవిరియై, బయటికి దారిలేక, రాతిని బ్రద్దలు చేయును. ఏండ్లతరబడి నీటిలో నానిన గులకరాయి పైకి ఎంత నున్నగనున్నను లోన చెమ్మ యుండును. ఆ ముక్క యెగిరి తగులునది వంటయింట నిలుచున్న తల్లికో, తొట్టికొఱకు ఆతురపడుచు ప్రక్కనే నిలుచున్న బిడ్డకో. చేపలకొఱకు కన్ను పోగొట్టుకొనువా రుండరాదు.

మురుగుకాలువ దాపున దొరికిన గట్టిరాతికి బ్లీచింగుపొడి వాడవచ్చును. పది లీటర్ల నీటికి పది గ్రాముల పొడి కలిపి, తేఱనిచ్చి, పైతేటను మాత్రము తీసికొనవలెను. అడుగున దిగునది సున్నము. ఆ తేటలో రాతిని ఒక గంట యుంచి, పలుమాఱులు కడిగి, ఒకదినము మంచినీటిలో నానబెట్టి, రెండుదినములు ఎండలో గాలికి పెట్టుడు. క్లోరీను వాసన యేమాత్ర మున్నను మరల నానబెట్టవలెను. పూర్వము ఫొటోగ్రాఫరులు వాడిన ‘హైపో’ పలుకులు నాలుగు చివరి బక్కెటులో వేసినచో మిగిలిన క్లోరీను విఱుగును. గుల్లరాళ్లకు, నెఱ్ఱెలున్న రాళ్లకు ఈ పద్ధతి పనికిరాదు, మందు లోపల నిలుచును. ఇంకొకటి : బ్లీచింగుపొడిని వెనిగరుతోగాని యాసిడ్డుతోగాని ఎన్నడును కలుపరాదు, ఒకే బక్కెటును కడుగకుండ రెంటికిని వాడరాదు. వెలువడు క్లోరీను వాయువు ఊపిరితిత్తులను పాడుచేయును. పులుపు పరీక్ష ఒకనాడు, బ్లీచింగు వేఱొకనాడు పెట్టుకొనుట క్షేమము.

అంతర్వేది, ఓడలరేవులకు పోయి వచ్చుచు గుల్లలు, సముద్రపు ఇసుక తెచ్చువారు గలరు. ఉప్పు, సున్నము రెండును అందున్నవి. మంచినీటి తొట్టికి తగవు. పగడముల సంగతి వేఱు. రాతిపగడములను సముద్రమునుండి తీయుట, కొనుట, అమ్ముట 2001 నుండి వన్యప్రాణి రక్షణచట్టము క్రింద నేరము. అదియునుగాక కొన్ని మెత్తని పగడపుజీవులలో మహావిషమున్నది. 2018లో ఇంగ్లండులోని ఆక్సుఫర్డుషైరులో ఒక యింట తొట్టి శుద్ధిచేయుచు అట్టి పగడమును కదలింపగా, ఆ విషము సోకి కుటుంబమంతయు ఆసుపత్రి పాలైరి. సముద్రపు శిలను వేడినీటితో కడుగ బూనుట ఇంకను ప్రమాదము. ఆవిరితో విషము గాలిలో చేరును.

రాళ్లను పేర్చు వరుస కూడ తెలిసియుండవలెను. చాలమంది ముందు ఇసుక పోసి దానిపై రాళ్లు పెట్టుదురు. చేప ఇసుకను త్రవ్వగానే రాయి ఒఱగి గాజును కొట్టును. తొట్టి అడుగున మందపు ప్లాస్టికు పలకను పఱచి, దానిపై పెద్దరాతిని వెడల్పు ముఖము క్రిందికి ఉండునట్లు కదలకుండ కూర్చుండబెట్టి, తరువాత చుట్టును గోదావరి ఇసుకను పోయవలెను. ఇసుకను చేటతో చెఱిగి, బక్కెటులో కలియబెట్టి, నీరు తేటపడువఱకు కడుగుడు. పది పదునైదు మాఱులైనను విసుగు పడరాదు. పదునైన యంచులను ఇంకొక రాతితో రుద్ది మొండిచేయుడు, లేకున్న రాత్రివేళ బెదరిన చేప పొలుసులు లేచును. రాతికి, గాజుకు నడుమ నాలుగు వ్రేళ్లు దూరునంత సందుంచినచో చేప చిక్కుకొనదు, మనము కడుగుటకును వీలగును.

రాళ్లు పేర్చి నీరు నింపిన తరువాత వారముదినములు చేపలు లేకుండ నుంచి, మరల పి.హెచ్. చూచి, మొదట రెండు మూడు చేపలను మాత్రము విడువవలెను. రాతి ముఖముపై అమోనియాను తినివేయు సూక్ష్మజీవులు నెలకొనుటకు నాలుగు నుండి ఆఱు వారములు పట్టును. ఆలోగా మేత తక్కువగ వేయుచు, నీటిలో నాలుగవవంతును రెండు మూడు దినముల కొకమాఱు మార్చుచుండుడు. అవి స్థిరపడిన పిదప రాతిపై పట్టు సన్నని జిగురును చూచి, మురికి యని రాళ్లన్నింటిని ఒక్కమాఱే తీసి వేడినీటితో తోమరాదు. అమోనియాను తినివేయు ఆ జీవులున్నది ఆ జిగురులోనే. నాచు మితిమీఱినపుడు ఒక్కొక్క రాతినే తీసి, తొట్టినుండి తీసిన నీటిలోనే పీచుతో మెల్లగ తుడిచి మరల పెట్టుడు.

మా మనుమరాలి తొట్టిలో నిపుడున్నవి రాజమహేంద్రవరమునుండి తెప్పించిన నల్లరాళ్లు మూడు. రెండు బక్కెట్ల పరీక్షను ఆ పిల్లయే స్వయముగ చేసినది. వారము దినములు బక్కెట్లమీద చీటీలంటించి, ఎవరినీ ముట్టనీయలేదు. తుత్తపు డ్రమ్మును పెట్టుటకు పెరటి మూలను సిమెంటు దిమ్మె యొకటి వేయించితిని.